స్టార్ల పట్టిక దించాక: నాలుగో తరగతిలో పాత ఫోను, అట్ట కార్డులు, ఒక చదువు పెట్టె

జూన్ చివరి వారం

హైదరాబాద్‌లో ఒక బస్తీ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల, నాలుగో తరగతి, హాజరు పట్టీలో 34 పేర్లు. డీఎడ్ రెండో ఏడాది ఇంటర్న్‌షిప్‌లో ఉన్న మా జట్టు ఇక్కడ చేస్తున్న ప్రాజెక్టు డైరీ ఇది. ఇళ్లలో తెలుగు మాట్లాడే పిల్లలు ఎక్కువ. ఉర్దూ, హిందీ మాట్లాడేవాళ్లు ఆ తర్వాత, కొద్దిమంది మరాఠీ. ప్రభుత్వ బడుల్లో 2022-23లో ఇంగ్లిష్ మీడియం మొదలైనప్పుడు వచ్చిన ద్విభాషా పుస్తకాలే చేతిలో ఉన్నాయి, ఒక పక్క తెలుగు, ఎదురు పక్క ఇంగ్లిష్.

ప్రాజెక్టుకు తీసుకున్న ప్రశ్న: చిన్న తరగతుల్లో పిల్లలకు చదువు మీద ఇష్టం కలగడానికి టెక్నాలజీ నిజంగా పనికొస్తుందా, వస్తే ఎక్కడ?

మా అభిప్రాయం ముందే రాసిపెడతాం. తెర పెట్టిన రోజు పిల్లలంతా కళ్లప్పగించి చూస్తారు. అది కొత్తదనం, నాలుగు రోజుల్లో పోతుంది. నిలిచేవి వేరే ఉన్నాయి: చేసిన పని సరిగా వచ్చిందో లేదో అక్కడికక్కడే తెలియడం, తర్వాత ఏం చెయ్యాలో కొంతైనా తనే ఎంచుకోవడం, తన మాట వినే మనిషి ఒకరుండడం. మనస్తత్వవేత్తలు ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ తమ సిద్ధాంతంలో మనిషికి లోపలి నుంచి వచ్చే ఉత్సాహానికి చెప్పిన మూడు అవసరాలూ ఇవే: సమర్థత, స్వేచ్ఛ, అనుబంధం. కాబట్టి ప్రతి పరికరాన్నీ ఒకటే అడుగుతున్నాం: పిల్ల ప్రయత్నం చేసిన క్షణానికీ, దానికి జవాబు అందే క్షణానికీ మధ్య కాలాన్ని ఇది తగ్గిస్తుందా? 34 నోటుబుక్కులు దిద్ది తిరిగి ఇచ్చేసరికి మర్నాడవుతుంది. అప్పటికి ఆ లెక్క ఎందుకు అలా చేసిందో పిల్లకు గుర్తుండదు.

సామాను: 3.5 ఎంఎం జాక్ ఉన్న పాత ఆండ్రాయిడ్ ఫోన్లు రెండు, 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ ఒకటి, వైరున్న ఇయర్‌ఫోన్లు ఆరు, ఒకటికి రెండు చేసే స్ప్లిటర్ ముక్కలు మూడు, ఏ4 కాగితం, నోటుబుక్కుల పాత అట్టలు, ఒక పెద్ద కార్టన్, పాత బొంత. స్ప్లిటర్లు, కేబుళ్లు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. కొనేటప్పుడు అక్కడే ఫోనుకు పెట్టి రెండు చెవుల్లోనూ శబ్దం వస్తోందో లేదో చూసుకోవాలి, ఒకవైపే పలికేవి చాలా ఉంటాయి. ప్రొజెక్టర్ బడిలో ఉన్నదే.

పాత ఫోన్లు తీసుకునేముందు వెనక మూత చూడాలి. ఉబ్బినట్టున్నా, బల్ల మీద పెడితే గిర్రున తిరిగినా బ్యాటరీ పోయినట్టే. అలాంటిది పిల్లల గదిలోకి రానివ్వకూడదు.

జులై మొదటి వారం: కార్డులు

ప్లికర్స్ అనే యాప్ వాడుతున్నాం. పిల్లల చేతుల్లో ఏ పరికరమూ ఉండదు. ఒక్కొక్కరికీ ఒక కాగితం కార్డు, దాని మీద నల్ల గళ్ల బొమ్మ. ప్రతి కార్డు బొమ్మ వేరు. కార్డు నాలుగు అంచుల్లో ఏ అంచు పైకి ఉంటే అదే జవాబు: ఏ, బీ, సీ లేదా డీ. టీచర్ ఫోన్ కెమెరాను తరగతి మీద మెల్లగా తిప్పితే ఏ నంబరు పిల్ల ఏ జవాబు పెట్టిందో తెర మీద వస్తుంది. ఖర్చంతా ప్రింటుకే.

మామూలు సెట్టులో 40 కార్డులు, ఏ4కు రెండు, అంటే 20 షీట్లు. లేజర్ ప్రింటే తియ్యించాలి. ఇంక్‌జెట్ నలుపు చెమట చేతులకు పాకుతుంది, గళ్ల అంచులు చెదురుతాయి, కెమెరా గుర్తుపట్టదు. కాగితాన్ని నోటుబుక్కు అట్టకు అంటించి కత్తిరించాలి. ఫెవికాల్ మధ్యలో బొట్లుగా కాకుండా పలుచగా అంతటా రాసి, రాత్రంతా పుస్తకాల బరువు కింద ఉంచితేనే అట్ట వంగదు. వంగిన కార్డును ఫ్యాను గాలి ఇంకాస్త వంచుతుంది, అప్పుడు చదరం చదరంలా కనబడదు.

ఎక్కువమంది పొరబడేది లామినేషన్ దగ్గర. మెరిసే లామినేషన్ వేస్తే ట్యూబ్‌లైటూ కిటికీ వెలుగూ నల్ల గళ్ల మీద తెల్లగా మెరుస్తాయి, కెమెరాకు ఆ నలుపు తెలుపైపోతుంది. మ్యాట్ ఫిల్మ్ దొరికితే వేయించండి, లేకపోతే అసలు వద్దు. చుట్టూ తెల్ల అంచు ఒక వేలెడు ఉండనివ్వాలి. నల్ల బొమ్మ వరకూ కత్తిరిస్తే ముదురు రంగు బట్టల ముందు అది కలిసిపోతుంది.

నిలబడే చోటు కూడా ముఖ్యమే. కిటికీలు పిల్లల వెనక ఉంటే కార్డుల ముందువైపు నీడపడుతుంది. టీచర్ వీపు కిటికీ వైపు ఉండాలి, వెలుగు కార్డుల మీద పడాలి. మా గదిలో కిటికీలు ఒక పక్కకే ఉన్నందువల్ల బెంచీల వరసలను ఆ వైపుకు తిప్పాం. దానికి పైసా ఖర్చు లేదు, వెనక వరస కార్డులు చదవడంలో వచ్చిన తేడా మాత్రం పెద్దది.

కార్డు నంబరు, హాజరు పట్టీ నంబరు ఒకటే పెట్టాం. బోనాల వారాల్లో హాజరు పలచబడుతుంది, ఆ రోజుల్లో పక్కవాళ్ల కార్డు తీసుకునే అలవాటు మొదలవుతుంది. కార్డులు గుట్టగా కాక గోడకు జేబుల పట్టీలో ఉంటే ఎవరిది వాళ్లే తీసుకుంటారు.

జులై రెండో వారం: మొదటి ప్రశ్నలో లెక్క ఉండదు

"అందరూ బీ చూపించండి." ఇదీ మొదటి ప్రశ్న. తర్వాత "ఇప్పుడు డీ." లెక్క లేదు, పాఠం లేదు, కార్డు తిప్పడం ఒక్కటే. ఇది చెయ్యకుండా నేరుగా ప్రశ్నలోకి వెళ్తే, తప్పు వచ్చినప్పుడు పిల్లకు లెక్క రాలేదో, కార్డు తిప్పడం రాలేదో చెప్పలేం. అక్షరాలు కార్డు అంచుల్లో చిన్నగా ఉంటాయి. కార్డును గుండెకు ఆనించి పట్టుకుంటే పిల్లకు అవి తలకిందులుగా కనిపిస్తాయి, కుడి ఎడమలు కూడా మారతాయి. కొందరు సరైన జవాబే అనుకుని ఎదురు అంచు పైకి పెడతారు.

వెనకవైపు పెద్ద అక్షరాలు రాస్తే ఈ చిక్కు తీరుతుందనిపిస్తుంది. తీరుతుంది కానీ ఇంకోటి వస్తుంది: ముందు వరస పిల్లల కార్డు వెనకవైపు వెనక వరసకు స్పష్టంగా కనిపిస్తుంది, అందరూ తెలివైన పిల్ల వైపు చూస్తారు. అందుకని పెన్సిల్‌తో, పట్టుకున్న పిల్లకు మాత్రమే కనిపించేంత చిన్నగా రాశాం. కార్డు ఎత్తే పద్ధతి: పైన పెట్టిన అక్షరం చూసుకోవాలి, రెండు చేతులతో చివర్లు పట్టుకోవాలి, వేళ్లు నలుపు మీదకు రాకూడదు, "దించండి" అనేదాకా కదలకూడదు.

ఫోను తెరను ప్రొజెక్టర్‌కు కలపడం లేదు. కలిపితే ఎవరు తప్పు చేశారో పేర్లతో సహా గోడ మీద పడుతుంది. టీచర్ ఫోనులో చూసి, ఏ జవాబు ఎంతమంది పెట్టారో బోర్డు మీద గీతలుగా వేస్తారు. అంతే. ఈ కార్డుల విలువ అంతా ఇక్కడుంది: చెయ్యెత్తమంటే ఎప్పుడూ ఎత్తేది అదే ఐదారుగురు. కార్డు ఎత్తితే మూలన కూర్చున్న పిల్ల జవాబు కూడా అందుతుంది, తప్పయినా ఎవరూ నవ్వరు.

ప్రశ్నలు రోజుకు మూడు, మహా అయితే ఐదు. అంతకు మించితే ఆటగా మారుతుంది, ఆలోచించడం ఆగిపోతుంది.

నెట్ లేని రోజుకు ప్రత్యామ్నాయం సిద్ధంగా ఉండాలి: అట్టను నాలుగు భాగాలుగా గీసి నాలుగు రంగులు వేసి, జవాబు రంగు మాత్రం కనిపించేలా మడిచి గుండె దగ్గర చూపించడం. నమోదు కాదు గానీ టీచర్‌కు అక్కడికక్కడ కావాల్సింది దొరుకుతుంది.

జులై చివర: 52 లోంచి 38

ప్రశ్న ఎలా రాస్తామన్నదాన్ని బట్టే కార్డులు పనికొస్తాయా లేదా అన్నది తేలుతుంది. తప్పు జవాబులు ఏవో నాలుగు అంకెలు పెట్టేస్తే గీతలు చూసి మనం నేర్చుకునేదేమీ ఉండదు. ప్రతి తప్పు జవాబు వెనకా ఒక ఆలోచన ఉండాలి.

52 - 38 = ?
ఏ: 26
బీ: 14
సీ: 24
డీ: 90

డీ పెట్టినవాళ్లు గుర్తు చూడలేదు, కూడేశారు. అది తేలిక. 26 పెట్టినవాళ్లు ఒకట్లలో 8 లోంచి 2 తీశారు, పదుల్లో 5 లోంచి 3 తీశారు. పెద్దదాంట్లోంచి చిన్నది తియ్యాలి అన్న సూత్రాన్ని పద్ధతిగా పాటించారు. ఆ సూత్రం వాళ్లకు నేర్పింది మనమే. ఒకటో తరగతిలో "చిన్నదాంట్లోంచి పెద్దది పోదు" అని చెప్పిన మాట ఇప్పుడు స్థానమార్పిడి తీసివేతకు (పదుల్లోంచి ఒకటి తెచ్చుకుని చేసేదానికి) అడ్డం వస్తోంది. ఆ మాట కిందితరగతుల్లో చెప్పడం మానాలని మా జట్టు గట్టిగా అనుకుంటోంది.

24 పెట్టినవాళ్లు ఇంకా ముందుకు వచ్చారు. 12 లోంచి 8 తీసి 4 రాశారు. పదుల్లోంచి ఒకటి తెచ్చుకున్నారు గానీ పదులు 4 అయ్యాయని మర్చిపోయి 5 లోంచి 3 తీశారు. 26కూ 24కూ మందు ఒకటి కాదు.

గీతలు వేశాక సరైన జవాబు చెప్పం. ఎరిక్ మజూర్ 1991లో హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం విద్యార్థులతో మొదలుపెట్టిన పద్ధతి చిన్నపిల్లలకు కూడా పనిచేస్తుంది: ఓటు, పక్కవాళ్లతో మాట, మళ్లీ ఓటు. సరిగా పెట్టినవాళ్లు మూడో వంతు కంటే తక్కువుంటే మాట్లాడుకోమనడం దండగ, తప్పే పాకుతుంది. మళ్లీ చెప్పాలి. మూడింట రెండొంతులు దాటితే ముందుకు వెళ్లొచ్చు. మధ్యలో ఉంటే, అంటే మా తరగతిలో సుమారు 12 నుంచి 22 మంది, రెండు నిమిషాలు మాట్లాడుకోనివ్వాలి. "వేరే జవాబు పెట్టినవాళ్లతో మాట్లాడండి" అని చెప్పాలి, లేకపోతే ఒకే జవాబువాళ్లు గుంపు కడతారు.

ఆ రెండు నిమిషాల్లో బెంచీ మీద పుల్లల కట్టలు ఉండాలి. పది పుల్లలకు ఒక రబ్బరుబ్యాండ్. ఐదు కట్టలు, విడిగా రెండు పుల్లలు. ఎనిమిది పుల్లలు ఇవ్వమంటే రెండే ఉన్నాయి కాబట్టి ఒక కట్ట విప్పక తప్పదు. విప్పాక కట్టలు నాలుగు, పుల్లలు పన్నెండు. మూడు కట్టలు, ఎనిమిది పుల్లలు ఇచ్చేస్తే చేతిలో ఒక కట్ట, నాలుగు పుల్లలు. విప్పిన రబ్బరుబ్యాండ్ బల్ల మీదే ఉండనివ్వాలి. 24 పెట్టిన పిల్లకు చూపించాల్సింది ఆ రబ్బరుబ్యాండే: "ఇది ఏ కట్టది? ఆ కట్ట ఇప్పుడుందా?" ఫోను చేసిన పని 24 పెట్టిన పిల్లలు ఎవరో చెప్పడం. నేర్పింది పుల్లలు.

హైదరాబాద్‌కు ప్రత్యేకమైన ఒక చిక్కు. ప్రశ్న నోటితో చెప్పేటప్పుడు "ఇరవై తొమ్మిది" ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లకు "ఉన్‌తీస్". ఆ మాటలో వినిపించేది "తీస్", ముప్పై. 39, 31 రాసేవాళ్లుంటారు. దాన్ని తీసివేత రాకపోవడంగా లెక్కెయ్యకూడదు. అంకెలు బోర్డు మీద రాసి, రెండు భాషల్లోనూ ఒకసారి చదివాకే కార్డులెత్తమనాలి. అంకెల పేర్ల మీద విడిగా ప్రశ్నలు ఇవ్వొచ్చు: "మూడు వందల ఐదు" కు 305, 3005, 350, 35. 3005 రాసే పిల్ల విన్నది విన్నట్టు రాస్తోంది, మూడు వందలు, తర్వాత ఐదు.

మాట తీరు గురించి. "సీ పెట్టినవాళ్లు కట్ట విప్పారు, అది సరైన పనే. విప్పిన కట్టను ఇంకా కట్టల్లోనే లెక్కపెట్టారు." ఇది పని గురించిన మాట. "నువ్వు తెలివైనదానివి", "నీకు లెక్కలు రావు" అన్నవి మనిషి గురించిన మాటలు. పరిశోధకులు క్లూగర్, డెనిసీ 1996లో ఎన్నో అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, చేసిన పని మీద అభిప్రాయం చెప్పిన సందర్భాల్లో మూడో వంతుకు పైగా పనితీరు పడిపోయిందని తేలింది. దృష్టి పని మీద నుంచి తన మీదకు మళ్లినప్పుడు ఈ నష్టం ఎక్కువని వాళ్ల వివరణ. 1998లో మ్యూలర్, డ్వెక్ ఐదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాల్లో తెలివిని మెచ్చుకున్న పిల్లలు, కష్టమైన చిక్కుప్రశ్నలు ఎదురై ఓడిపోయాక, ప్రయత్నాన్ని మెచ్చుకున్న పిల్లల కంటే తక్కువ పట్టుదల చూపారు. "శభాష్, సూపర్" అని అరిచే యాప్‌ల మీద మా అనుమానానికి ఇదీ ఒక కారణం. అవి ఏది బాగుందో చెప్పవు.

ఆగస్టు మొదటి వారం: పట్టిక

గదిలో ఇదివరకటి నుంచి గోడకు స్టార్ల పట్టిక ఉంది. క్లాస్ టీచర్‌తో మాట్లాడి, ఆమె ఒప్పుకున్నాక దించాం.

స్టార్ల పట్టిక మొదట్లో అందరినీ ఉరకలెత్తిస్తుంది. తర్వాత రెండు రకాలుగా చెడుతుంది. పైనున్న పిల్లలకు స్టారే పని అవుతుంది, స్టార్ లేని పని పెడితే "దీనికి స్టారుందా టీచర్" అంటారు. కిందున్న పిల్లలకు ఆ పట్టిక రోజూ ఒకే మాట చెబుతుంది, వాళ్లు దాని వైపు చూడడం మానేస్తారు. 1973లో మనస్తత్వవేత్తలు లెప్పర్, గ్రీన్, నిస్బెట్ నర్సరీ పిల్లలతో చేసిన ప్రయోగం దీనికి పునాది. బొమ్మలు వెయ్యడం ముందే ఇష్టమున్న పిల్లల్లో కొందరికి, బొమ్మ వేస్తే బంగారు ముద్ర ఉన్న ధ్రువపత్రం ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. కొద్దిరోజుల తర్వాత ఖాళీ వేళల్లో, ముందే ఆశ పెట్టి ఇచ్చిన పిల్లలు మిగతావాళ్లకంటే చాలా తక్కువసేపు బొమ్మలు వేశారు. చెప్పకుండా ఇచ్చినవాళ్లలో ఆ తగ్గుదల లేదు.

దీని నుంచి బహుమతే పాపం అని అర్థం చేసుకోనక్కర్లేదు. పిల్లలకు ముందునుంచీ ఇష్టం లేని పనికి, గది సర్దడం లాంటిదానికి, చిన్న బహుమతి ఇస్తే పోయే ఇష్టమేమీ లేదు. ఇష్టంగా చేస్తున్న పనికి ధర కట్టకూడదు. చదువు యాప్‌లలో పాయింట్లు, బ్యాడ్జీలు, ర్యాంకులు ఇదే స్టార్ల పట్టికకు రంగులు వేసిన రూపం. ఆపేసే సెట్టింగు ఉంటే ఆపేస్తున్నాం, లేకపోతే ఆ యాప్ వద్దనుకుంటున్నాం.

పట్టిక చోట గోడ ఖాళీగా వదిలాం. పిల్లల నోటుబుక్కు చివరి పేజీలో ఎవరి పట్టీ వాళ్లకే ఉంది. అందులో మూడు గడులు: పోయిన వారం ఏది కష్టమైంది, ఈ వారం అదే మళ్లీ చేస్తే ఎలా వచ్చింది, వచ్చే వారం ఏది ఎంచుకుంటాను. మూడో గడి పిల్లే నింపాలి. మొదట్లో అందరూ పక్కవాళ్లది చూసి రాస్తారు. ఎంచుకోవడం కూడా నేర్పాల్సిన పనే, కాబట్టి "ఈ రెండింటిలో ఏది" అని మొదలుపెట్టాలి. నాలుగో తరగతి పిల్లకు "నీ ఇష్టం" అని వదిలేస్తే అది స్వేచ్ఛగా అనిపించదు, దిక్కుతోచదు.

ఆగస్టు రెండో వారం నుంచి: చదువు పెట్టె

ప్రాజెక్టులో మాకు అన్నిటికంటే నమ్మకం కుదిరిన భాగం ఇదే. పిల్ల ఒక చిన్న పేరా గట్టిగా చదువుతుంది, ఫోనులో రికార్డవుతుంది, తనే వింటుంది, ఉంచాలో మళ్లీ చదవాలో తనే తేలుస్తుంది. ఒకే పేరాను పదేపదే చదివించే పద్ధతిని పరిశోధకుడు జే శామ్యూల్స్ 1979లో రాశారు. పాతదే. ఫోను కలిపింది ఒక్కటే, పిల్ల గొంతు పిల్లకే వినబడడం.

పెట్టె తయారీ: సుమారు 40 సెంటీమీటర్ల వెడల్పు, 30 లోతు, 30 ఎత్తు ఉన్న కార్టన్. ముందువైపు తెరిచి, లోపల మూడు గోడలకూ పైకీ కిందికీ పాత బొంత ముక్కలు బైండర్ క్లిప్పులతో బిగించాలి. జిగురు వద్దు, బొంత ఉతకాల్సి ఉంటుంది. ఫోను లోపల మధ్యలో, మైకు పిల్ల వైపు, కింద మడిచిన గుడ్డ. పిల్ల నోటికీ మైకుకూ ఒక జానెడు. మరీ దగ్గరైతే ప, బ, భ అన్నప్పుడు ఊపిరి కొట్టి "టప్" మంటుంది. గుడ్డ లేకపోతే బల్ల మీద చెయ్యి తగిలిన ప్రతిసారీ దడ్‌మంటుంది.

ఈ పెట్టె ఏం చెయ్యలేదో కూడా తెలియాలి. రోడ్డు మీద ఆటో మోతను ఇది ఆపదు. అట్టకూ బొంతకూ బయటి శబ్దాన్ని ఆపేంత బరువు లేదు. అది ఆపేది ప్రతిధ్వనిని, ఉత్త గోడల గదిలో గొంతు తిరిగి వచ్చి మైకులో పడే మోతను. కోడిగుడ్ల ట్రేలు అంటిస్తే శబ్దం రాదని చాలామంది నమ్ముతారు, పలుచటి కాగితపు అట్ట బయటి శబ్దాన్ని ఆపదు. కాబట్టి పెట్టె ఎక్కడ పెట్టామన్నదే ముఖ్యం: రోడ్డు వైపు కాకుండా, ఫ్యాను కింద కాకుండా, బీరువా పక్క మూల. మధ్యాహ్న భోజనం గిన్నెల చప్పుడు మొదలయ్యే వేళ రికార్డింగ్ పెట్టకూడదు.

రికార్డింగ్ ఫోను సొంత మైకుతోనే. ఇయర్‌ఫోను మైకు వాడాలంటే చిక్కుంది: ఫోను జాక్‌లో నాలుగు కాంటాక్టులు (లోహం తగిలే చోట్లు) ఉంటాయి, చవక స్ప్లిటర్లలో మూడే ఉంటాయి, మైకు తీగ అక్కడే తెగిపోతుంది. స్ప్లిటర్ వినడానికి మాత్రమే, చదివిన పిల్ల, వినే జోడీ, ఇద్దరికీ. మూడో ఇయర్‌ఫోను కలిపితే శబ్దం తగ్గొచ్చు, పిల్లలు వాల్యూం చివరిదాకా పెంచేస్తారు, తర్వాత ఒకరు తీసేస్తే మిగిలినవాళ్ల చెవిలో మోగిపోతుంది. ఇద్దరితో ఆపాలి. ఇయర్‌ఫోను చివర్లు ప్రతి జోడీ తర్వాతా తుడవాలి.

పేరా కొలత: నిమిషంలో పూర్తయ్యేది, 40 నుంచి 60 మాటలు. పాఠ్యపుస్తకం కాకుండా ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లోని తెలుగు కథల నుంచి తీసుకుంటున్నాం. స్థాయిలవారీగా ఉంటాయి, ప్రింటు తీసుకోవడానికి అనుమతి ఉంటుంది. మూడు కథలు పెడితే పిల్ల ఒకటి ఎంచుకుంటుంది. 128 కేబీపీఎస్ దగ్గర నిమిషం రికార్డింగు సుమారు 1 ఎంబీ, కాబట్టి పాత ఫోనులో కూడా జాగాకు కరువు లేదు.

పద్ధతి ఇది. జోడీలో ఒకరు చదువుతారు, ఒకరు పేరా మీద వేలు పెట్టి వింటారు. తర్వాత ఇద్దరూ ఇయర్‌ఫోన్లతో వింటారు. చదివిన పిల్ల తను తడబడిన మాట కింద పెన్సిల్‌తో గీత పెడుతుంది. జోడీ పిల్ల గీత పెట్టకూడదు, ఇది కచ్చితం. పెడితే అది దిద్దుబాటు అవుతుంది, పెట్టెకు ముందే రోజూ జరిగేది అదే. "చక్రం" అన్న మాటను "చకరం" అని చదివిన పిల్ల చదువుతున్నప్పుడు గమనించదు, ఎందుకంటే కళ్లు అప్పటికే తర్వాతి మాట మీద ఉంటాయి. వింటున్నప్పుడు చెవికి పని ఒక్కటే. అక్కడ ఆగుతుంది, మళ్లీ వింటుంది, క్రావడి మీద వేలు పెట్టి పలుకుతుంది. "మల్లొక్కసారి జదువుత టీచర్" అన్న మాట ఎవరూ అడగకుండా వచ్చేది ఇక్కడే. ఏ స్టారూ తెప్పించలేని మాట అది.

మళ్లీ చదవడానికి హద్దు మూడుసార్లు. హద్దు లేకపోతే జాగ్రత్తగల పిల్లలు తృప్తిపడక పన్నెండుసార్లు చదువుతూ అలిసిపోతారు, వరసలో ఉన్నవాళ్లు విసుగుతారు.

అక్షరాలు కూడబలుక్కుని చదివే పిల్లలకు ఈ పద్ధతి ఇలాగే పెట్టకూడదు. తడబడిన తన గొంతు తనే వినడం వాళ్లకు నొప్పి. వాళ్లకు ఒక్క వాక్యం. ముందు టీచర్ గొంతుతో నెమ్మదిగా రికార్డు చేసింది వింటూ కలిసి చదవాలి, తర్వాత ఒంటరిగా, తర్వాతే రికార్డు. మొదటి రికార్డింగు వినేసరికి ఎక్కడా ఆగకుండా వచ్చి ఉండాలి.

ఆగస్టు చివర: యాప్ వినడం, టీచర్ వినడం

పిల్ల చదివింది విని తప్పొప్పులు చెప్పే యాప్‌లున్నాయి, తెలుగుకూ ఉన్నాయి. ఇంట్లో ఒంటరిగా చదివే పిల్లకు అవి మేలే. తరగతిలో వాటినే తీర్పరిగా పెట్టడానికి మేం ఒప్పుకోం. గొంతును గుర్తించే యంత్రాలు పెద్దవాళ్ల గొంతుతో చేసినంత బాగా పిల్లల గొంతుతో చెయ్యవు, పక్క బెంచీ మాటలు కలిస్తే ఇంకా తడబడతాయి. ఉర్దూ ఇంటి పిల్ల ళ ను ల గా పలికితే తప్పంటాయి, అర్థం చక్కగా తెలిసి చదువుతున్నా సరే. సరిగా చదివి తప్పనిపించుకున్న పిల్ల రెండోసారి గొంతు తగ్గిస్తుంది, గొంతు తగ్గితే యంత్రం ఇంకా తప్పు వింటుంది.

పెట్టెలో ఉంచిన రికార్డింగుల్లో రోజుకు ఐదు టీచర్ వింటారు, మర్నాడు ఆ పిల్లలకు ఒక్కో మాట చెబుతారు. వారం తిరిగేసరికి అందరివీ దాదాపు ఒక చుట్టు వస్తుంది. ఈ ఐదూ తప్పితే పెట్టె నిలవదు. విన్న మనిషి లేని రికార్డింగు మీద పిల్లలకు ఆసక్తి త్వరగా పోతుంది.

ఫైలు పేరులో పిల్ల పేరు వద్దు: హాజరు నంబరు, తేదీ, కథ సంఖ్య చాలు. ఫోనులో సిమ్ ఉండదు, గూగుల్ ఖాతా ఉండదు, ఎక్కడికీ బ్యాకప్ పోదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపువాళ్ల సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ఒక పేజీ సమ్మతి పత్రం తెలుగు, ఉర్దూ, హిందీల్లో రాసి, చదవలేని ఇళ్లకు వెళ్లి చదివి వినిపించాలి. వద్దన్న ఇంటి పిల్ల కూడా పెట్టె దగ్గర చదువుతుంది, జోడీ వింటుంది, రికార్డు మాత్రం నొక్కరు. పిల్లల గొంతులు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకూడదన్నది ఆ పత్రంలోనే రాశాం, టీచర్లకూ వర్తిస్తుంది.

సెప్టెంబర్: తెర

ప్రొజెక్టర్ గురించి తక్కువే రాస్తాం. గది చీకటి చేస్తే నోటుబుక్కు కనబడదు, చెయ్యకపోతే బొమ్మ కనబడదు, పిల్లలు ప్రేక్షకులైపోతారు. వారానికొకసారి, నాలుగు నిమిషాలు మించని వీడియో, మధ్యలో ఆపి "ఇప్పుడేమవుతుంది" అని కార్డులతో ఓటు. దానికే ఉంచాం. పుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌లు స్కాన్ చేస్తే, 2017లో మొదలైన దీక్ష అనే ప్రభుత్వ డిజిటల్ వేదికలో పాఠాలు దొరుకుతాయి, ముందురోజు సాయంత్రమే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవాలి. పుస్తకం మడత దగ్గర పేజీ వంగితే కోడ్ అందదు, అరచేతితో చదును చేసి, ఫోను నీడ పడకుండా పట్టుకోవాలి.

పవర్ బ్యాంక్ మీద 10,000 అని ఉన్నా ఫోనుకు చేరేది దాదాపు 6,000. లోపలి బ్యాటరీ 3.7 వోల్టులది, బయటికిచ్చేది 5 వోల్టులు, మార్పిడిలో కొంత వేడిగా పోతుంది. కరెంటు పోయిన రోజుకు రెండు పాత ఫోన్లకూ ఒక చార్జింగు చాలు, వీడియోలకు చాలదు. చార్జింగు పెట్టే పని వారానికో జోడీది.

దసరా సెలవుల ముందు: మిగిలిన పని

సెలవుల తర్వాత పిల్లలు కార్డు పట్టే పద్ధతి మర్చిపోతారు, "అందరూ బీ చూపించండి" తో మళ్లీ మొదలుపెట్టాలి. చెదిరిన కార్డులు కొన్ని మళ్లీ ప్రింటు తియ్యాలి. ముందుగా చెడేది ఎప్పుడూ మూలలే, ఈసారి వెనకవైపు మాత్రమే గుడ్డ టేపు వేస్తాం. భిన్నాలకు ప్రశ్నలు రాయాలి: మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అన్నదానికి నాలుగో వంతు పెట్టేవాళ్లు 4 ను 3 తో పోలుస్తున్నారు, వాళ్ల కోసం కాగితపు రొట్టెలు కత్తిరించి పెట్టుకోవాలి. చదువు పెట్టెకు ఉర్దూ పేరాలు కావాలి, అవి రాసి చూసిపెట్టేవాళ్లను వెతుకుతున్నాం.

మేం వెళ్లాక క్లాస్ టీచర్ ఒక్కరే నడపాలి. ఆమెతో కూర్చుని తేల్చుకున్నది: కార్డులు సోమ, గురువారాలు, గణితం పీరియడ్ మొదటి పది నిమిషాలు. పెట్టె రోజూ. ప్రశ్నల నోటుబుక్కులో ఎడమ పేజీలో ప్రశ్న, కుడి పేజీలో ప్రతి తప్పు జవాబు వెనక ఉన్న ఆలోచన, దానికి చూపించాల్సిన వస్తువు. ఇప్పటికి తీసివేత, స్థానవిలువ పేజీలు పూర్తయ్యాయి. గుణకారం పేజీలు సెలవుల్లో రాస్తున్నాం.